వెడల్పు పాదాల నీవెస్

ఇటలీ కొండల్లోని మా జోల్డో లోయలో అందరినీ ముఖం చూసి గుర్తుపడతారు. నీవెస్‌ని మాత్రం మంచులో పడిన అడుగు చూసి గుర్తుపట్టేవాళ్లు. మడమ దగ్గర సన్నగా మొదలై, వేళ్ల దగ్గరికొచ్చేసరికి విసనకర్రలా విచ్చుకునే పాదం ఆవిడది. చిన్నప్పుడు చర్చి నుంచి ఇంటికెళ్లే దారిలో ఆ అడుగులు కనబడితే చాలు, "ఒరేయ్, నీవెస్ మనకంటే ముందెళ్లిపోయిందిరా, ఇంక సూపు గిన్నె అడుగు చూడ్డమే" అని అన్నదమ్ములు పరుగు లంకించుకునేవాళ్లట. తల్లి మాత్రం తక్కువ తిందా? "దేవుడు నిన్ను పొడుగ్గా చేద్దామనే మట్టి తెచ్చుకున్నాడే. మధ్యలో బద్ధకమేసి, మిగిలిందంతా పాదాలకి మెత్తేసి చేతులు కడుక్కున్నాడు" అనేది. నీవెస్ పొట్టి మనిషి లెండి.

ఏడ్చి ఊరుకునే పిల్ల కాదు. నవ్వినవాళ్లందరికీ వాలు మీద సమాధానం చెప్పేది. వాళ్ల నాన్నవి పాత తోలు స్కీ బూట్లుండేవి, తాళ్లతో బిగించేవి. అవి వేసుకుని, మంచు మీద జారే స్కీ పలకలు వాటికి తగిలించుకుని ఊరి పైనున్న గడ్డిమైదానం నుంచి కిందికి దూకిందంటే మగపిల్లలు పక్కకి తప్పుకోవాల్సిందే. తోలుకి కాస్త దయ ఉంటుంది. పాదం ఎటు తోస్తే అటు జరుగుతుంది. తర్వాత ప్లాస్టిక్ బూట్లొచ్చాయి. వాటికి జాలీ లేదు, దయా లేదు. అచ్చులో పోసిందే పోత, అందులో నీ పాదం పట్టిందా సరే, పట్టలేదా నీ ఖర్మ.

అప్పటికి నీవెస్‌కి పెళ్లీడొచ్చింది. మా లోయలో ఐస్‌క్రీం చేసేవాళ్లింటికి కోడలిగా వెళ్లడమంటే జర్మనీ వెళ్లడమే. చలికాలం చివర్లో మూటాముల్లె సర్దుకుని వెళ్తాం, నవంబరు మొదట్లో తిరిగొస్తాం. ఎండాకాలం మా కొండలెలా ఉంటాయో మాలో సగం మందికి తెలీదు. ఒత్తావియో కూడా అలాంటింటి పిల్లాడే. పొడుగరి, మొండివాడు, మంచు మీద మాత్రం గాలి. పెళ్లయిన మొదటి వసంతానికే ఇద్దరూ జర్మనీలోని ఫుల్డా ఊళ్లో ఐస్‌క్రీం కొట్టు తెరిచారు.

కొట్లో పని పంపకం ఏనాడూ మారలేదు. ఒత్తావియో వెనక గదిలో యంత్రం దగ్గర. నీవెస్ ముందు బల్ల దగ్గర. మధ్యలో గోడకి చిన్న కిటికీ. వెనకున్న మనిషికి ముందున్న జనం కనబడరు, ఆవిడ గొంతే దిక్కు. "పిస్తా అడుగంటుతోందీ! నిమ్మ ఇంకో డబ్బా! బడిపిల్లలొస్తున్నారు, చాక్లెట్ చూడూ!" అని సాగదీసి కేకేసేది. 'చాక్లెట్' అన్న మాట పూర్తయ్యేలోపు డబ్బా కిటికీలోకి వచ్చేసేది. ఆ గొంతులో తొందరెంత, జనమెంత, చిరాకెంత అన్నీ ఆయనకి తెలిసిపోయేవి. ముప్పై ఏళ్లకి పైగా అలాగే గడిచింది.

పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి రాత్రి తాళం వేసేదాకా నిలబడే ఉండాలి కదా. ముందే వెడల్పు, ఆపైన నిలువుకాళ్ల కొలువు. పాదాలు ఇంకా పరుచుకున్నాయి.

నవంబరులో ఇంటికొచ్చాక మా వాళ్లందరికీ ఒక అలవాటుంది. మొదటి ఆదివారం ప్రార్థన కాగానే గుంపులు గుంపులుగా బూట్ల కొట్టుకి పోవడం. సీజను అయిపోయింది, చేతిలో డబ్బుంది, చలికాలం ముందుంది. మగవాళ్లు అక్కడే నిలబడి వైను తాగుతారు, పిల్లలు పెట్టెల మధ్య దొర్లుతారు, ఆడవాళ్లు ఎవరెంత లావయ్యారో చూసుకుంటారు. నీవెస్ ఆ సందట్లోనే బూట్లు కొనేది. పాదం పట్టాలంటే పెద్ద సైజు అడగాల్సిందే. పైగా అత్తగారు అల్లిచ్చిన ఉన్ని మేజోళ్లు, చాప మందాన ఉండేవి, అవి వేసుకోకపోతే అత్తగారు చిన్నబుచ్చుకునేది.

కొన్నప్పుడు బాగానే ఉండేవి. తీరా మంచు బాగా పడి జనవరి వచ్చేసరికి బూటులో మడమ లేచిపోయేది. వాలు మీద తను కుడికి తిరిగితే బూటు ఓ క్షణం ఆలస్యంగా తిరిగేది. అందుకని క్లిప్పులు పళ్లు బిగబట్టి బిగించేది. అప్పుడు పాదం పక్కలు నలిగి, వేళ్లు మొద్దుబారి, గోళ్లు నల్లబడేవి. ఒకసారి అలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏటా ఇదే తంతు. చివరికి ఒక ఏడాది, కొండ మీదికి మనుషుల్ని మోసుకెళ్లే లిఫ్టు దగ్గర ఒత్తావియోతో, "నువ్వెళ్లు. నాకు స్కీ కంటే ఎండే ఇష్టం" అనేసింది.

ఆయన నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, అంత హాయిగా చెప్పింది మరి. అప్పట్నుంచి కొండ మీది హోటలు ముందు బల్ల మీద కాఫీ పెట్టుకుని, ముఖం ఎండకి తిప్పి కూర్చునేది. పై నుంచి ఒత్తావియో దిగివచ్చి, బుగ్గ మీద ముద్దు పెట్టి, మళ్లీ పైకి పోయేవాడు. "ఒత్తావియో పెళ్లానికి ఎండ పిచ్చి" అని లోయంతా అనుకునేది. ఆవిడా ఔననేది. కళ్లు మూసుకుని కూర్చునేది ఎండ కోసం కాదు, ఎదుటి వాలు చూస్తే కడుపు మండుతుందని. ఆ సంగతి ఎవరికీ తెలీదు.

ఇలా ఉండగా, కొన్నాళ్ల కిందట ఒత్తావియో వీధిలో ఎదురుపడ్డ సొంత చెల్లెల్ని పలకరించకుండా వెళ్లిపోయాడు. డోరీనా వారం రోజులు అలిగి మాట్లాడలేదు. తర్వాత చూస్తే అది పొగరు కాదు, కళ్లు. బెల్లూనో పట్నం డాక్టరు చూసి, చూపు నడిమధ్య అరిగిపోతోందనీ, అంచులు మాత్రం ఉంటాయనీ చెప్పాడు. మందుల్లేవు. "కంగారుపడకు నీవెస్, నీ చెవులు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి" అన్నాడు ఒత్తావియో, బయటికొస్తూ. నవ్వుతూనే అన్నాడు గానీ మెట్లు దిగేటప్పుడు ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ శరదృతువులో ఫుల్డా కొట్టు వేరేవాళ్లకి ఇచ్చేసి ఇద్దరూ ఇంటికి వచ్చేశారు.

కొట్టు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. స్కీ మాట వచ్చేసరికి మాత్రం ముఖం పాలిపోయింది. డాక్టరు పూర్తిగా మానమనలేదు. ముందు ఒక మనిషి జారుతూ, ఎటు తిరగాలో కేకేసి చెబుతుంటే వెనక వెళ్లొచ్చన్నాడు. సరే అని స్కీ నేర్పే ఒకాయన్ని పెట్టుకున్నారు. ఒక్క పూటలో తెగిపోయింది. "ఎడమ! కుడి! ఎడమ! అని ఒకటే అరుపు. నేనేమన్నా ఆవునా తోలడానికి?" అని విసుక్కున్నాడు. తర్వాత డోరీనా ముందు వెళ్లింది. లిఫ్టు దగ్గర టికెట్లమ్మే మనిషి, స్కీ బాగా వచ్చు, గుండె మాత్రం పిట్టది. ప్రతి మలుపుకీ "అయ్యో అన్నయ్యా! అయ్యో!" అని కేకపెడితే, ఈయన బెదిరిపోయి వాలు పక్కన అడ్డంగా కట్టిన వలలో పడ్డాడు.

ఆ సాయంత్రం స్కీలు తీసుకెళ్లి గడ్డిపాకలో పెట్టి తాళం వేశాడు. అంతే. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోవడం, మొక్కజొన్న సంకటి పొలెంటాలో ఉప్పెక్కువైందనడం, రేడియోలో వాడికి భాష రాదనడం, పట్టపగలు నిద్రపోవడం. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర నీవెస్, "రేపు మంచి ఎండ కాస్తుందట. కొత్త మంచు కూడా పడిందట" అంది. పూర్వం ఈ మాటకి మనిషి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు.

"కాస్తే కాయనీ," అన్నాడు.

మనిషి కళ్లు పోతే బతకొచ్చు. ఎండ కాస్తే కాయనీ అన్నవాడు ఎన్నాళ్లు బతుకుతాడు? నీవెస్ రాత్రంతా ఆలోచించింది. ఆయన ఎవరి మాటా వినడు. ఈ భూమ్మీద ఆయన చూడకుండా నమ్మే గొంతు ఒక్కటే ఉంది, అది తనది. తను ముందు వెళ్తే తప్ప ఆయన మళ్లీ కొండెక్కడు. తను వెళ్లాలంటే ఈ దిక్కుమాలిన పాదాలకి బూట్లు దొరకాలి.

ఆయనకి చెప్పలేదు. చెప్పి, బూట్లు దొరక్కపోతే? ఉన్న ఆశ కూడా పోతుంది. సంతకని చెప్పి కింది ఊరి కొట్టుకెళ్లింది. అక్కడి అమ్మకం మనిషి ఆవిడ పాదం చూసి, చూడనట్టు నటించాడు, పాపం.

"ఆడవాళ్ల బూట్లలో ఇంతకన్నా వెడల్పు రాదండీ. అయినా బిగుతుగా ఉండాలి. బిగుతుంటేనే అదుపు."

"అదుపు సంగతి తర్వాత నాయనా, ముందు పాదం లోపలికి వెళ్లాలిగా?"

"పోనీ మగవాళ్లవి రెండు సైజులు పెద్దవి ఇవ్వనా?"

ఇచ్చాడు. పాదం హాయిగా వెళ్లింది. వెళ్లదా మరి, అందులో పిల్లి కూడా పట్టేంత చోటుంది. మర్నాడు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు చిన్నపిల్లలు నేర్చుకునే వాలు దగ్గరికి పోయి, ఆ బూట్లు తొడుక్కుని నాలుగు గజాలు జారింది. తిరగబోతే కాలు తిరిగింది గానీ బూటు తిరగలేదు. వెల్లకిలా పడింది. పడి, ఆకాశం చూస్తూ అలాగే ఉంది.

"వదినా!" టికెట్ గదిలోంచి డోరీనా తల బయటికి పెట్టింది. "అక్కడ పడాలంటే కూడా ప్రత్యేకంగా నేర్చుకుని ఉండాలే! ఐదేళ్ల పిల్లలు కూడా పడరక్కడ!"

"నీ నోట్లో మంచు కొట్ట. వచ్చి లేపు."

డోరీనా వచ్చి లేపింది. మంచు దులుపుతూ, "ఎండ పిచ్చి వదిలి ఇప్పుడీ పిచ్చి పట్టిందేం? ఈ వయసులో నడుం విరిగితే ఎవరు చేస్తారే నీకు? మా అన్నయ్యా? ఆయనకి చెంచా ఎక్కడుందో కూడా కనబడట్లేదు," అంది.

"ఆయన కోసమే," అంది నీవెస్. "నేను ముందు వెళ్తే వస్తాడు. నాకు తెలుసు. ఈ బూట్లు నన్ను వెళ్లనివ్వడం లేదు."

డోరీనాకి ఇక వెటకారం రాలేదు. చేతి తొడుగు తీసి ముక్కు తుడుచుకుంది. "మాంటెబెల్లూనాలో ఇవానా అని ఒకావిడుంది," అంది. "బూట్ల ఫ్యాక్టరీలో చేసి, ఇప్పుడు ఇంటి వెనకే షెడ్డులో బూట్లు సరిచేస్తుంది. నోరు గయ్యాళి, చెయ్యి మంచిది. మా లిఫ్టు దగ్గర పనిచేసేవాళ్లందరూ అక్కడికే పోతారు. నువ్వెప్పుడూ స్కీ మాటెత్తవు, నీకేం చెబుతాం?"

గురువారం నీవెస్ పంటి డాక్టరు దగ్గరికని చెప్పి బస్సెక్కింది. ఇవానా షెడ్డు నిండా ప్లాస్టిక్ కాలుతున్న వాసన. నడుం దగ్గర తోలు గుడ్డ కట్టుకున్న లావుపాటి మనిషి, నోట్లో ఆరిపోయిన సిగరెట్టు. వచ్చీరాగానే నీవెస్, "ముందే చెబుతున్నాను, నా పాదాలు చూసి నవ్వేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు" అంది.

"నవ్వడానికి నాకు తీరికేదమ్మా? మేజోళ్లు విప్పండి, నిలబడండి. అబ్బ! పొయ్యిలోంచి తీసిన రొట్టెల్లా ఉన్నాయి. బాగున్నాయి. నాకిష్టం."

నీవెస్‌కి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇవానా కింద కూర్చుని చెక్క కొలతబద్ద పాదం కింద పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపింది. తర్వాత అలమరలోంచి ఒక జత తీసి, లోపలి మెత్త పీకేసి, ఉత్త డొల్ల ముందు పెట్టింది.

"ఇందులో కాలు పెట్టండి."

నీవెస్ సైజు చూసి వెనక్కి తగ్గింది. "ఇదేంటి? నేను ఏళ్లకేళ్లుగా వేసుకునేదానికంటే మూడు సైజులు తక్కువ. పెద్దవే పట్టక ఏడుస్తుంటే చిన్నవి పడతాయా?"

"మీది పొట్టి పాదమమ్మా. వెడల్పంతా అడ్డంగా ఉంది, మీరేమో నిలువుగా చోటు కొంటున్నారు. మంచం ఇరుకైతే పొడుగు మంచం కొనుక్కుంటారా ఎవరైనా? అసలు అంత పెద్దవి ఎలా సరిపోయాయి మీకు? కొన్నప్పుడు వేసి చూసుకోలేదా?"

"చూసుకోకేం? కొన్నప్పుడు సరిగ్గానే ఉండేవి. తర్వాతే వదులయ్యేవి."

"ఎప్పుడు కొంటారు?"

"ఎప్పుడేమిటి, అందరూ కొన్నప్పుడే. జర్మనీ నుంచి రాగానే, మొదటి ఆదివారం…"

అంటూనే ఆగిపోయింది. తొమ్మిది నెలలు బల్ల వెనక నిలబడి వచ్చిన పాదాలు. సాయంత్రానికి చెప్పులు కూడా పట్టని పాదాలు. బస్సులో, రైల్లో కూర్చుని ఇంకా ఉబ్బిన పాదాలు. వాటిని తీసుకెళ్లి, అత్తగారి చాప మేజోళ్లు తొడిగి, బూట్లు కొనేది! క్రిస్మస్ దాకా ఇంట్లో కూర్చుంటే వాపు తీసేది, మడమ సన్నబడేది, బూటు వదులయ్యేది. వదులైంది కాబట్టి బిగించేది, బిగించింది కాబట్టి నలిగేది. ఇది ఎవరికీ తట్టలేదు, తనకి కూడా. ప్రతి ఏడూ అదే ఆదివారం, అదే కొట్టు, అదే వైను వాసన.

"నా మతి మండ," అంది నీవెస్. "వాచిన కాళ్లకి కొన్నాను. ఏటా వాచిన కాళ్లకే కొన్నాను."

"మీరొక్కరే కాదులెండి," అంది ఇవానా. "మీ లోయవాళ్లందరూ వాచిన కాళ్లతోనే కొంటారు. కానీ వాళ్ల పాదాలు సన్నం, ఎలాగో నెట్టుకొచ్చేస్తారు. మీకు కుదరదు. పెట్టండి కాలు."

పెట్టింది. వేళ్ల దగ్గర రెండు పక్కలా ప్లాస్టిక్ ఒరుసుకుంది. ఆ రెండు చోట్లా ఇవానా మైనపు పెన్సిలుతో గుండ్రాలు గీసింది. డొల్లని వేడి గాలి కింద పెట్టి, మెత్తబడ్డాక ఇనప బిగింపుతో లోపల్నుంచి బయటికి తోసింది. చల్లారనిచ్చింది. మళ్లీ తొడిగించింది. "ఇక్కడ?" "ఇంకా." మళ్లీ వేడి, మళ్లీ తోపు. చిటికెనవేలు పక్క ఒకసారి, బొటనవేలి ఎముక పక్క ఒకసారి. నీవెస్ సంచిలోంచి అత్తగారి మేజోళ్లు తీయబోతే చేతిమీద ఒక్కటి వేసింది.

"అవి పొయ్యి పక్కన కూర్చోడానికి. బూటులో పల్చటిదే వేసుకోవాలి. మీ అత్తగారు ఉన్నారా?"

"పోయి చాలా కాలమైంది."

"అయితే అలగరు."

అన్నీ అయ్యాక మెత్త లోపలపెట్టి, క్లిప్పులు వేలితో, పళ్లు బిగబట్టకుండానే, వేసింది. "షెడ్డులో తిరగండి. నేను పని చేసుకుంటాను. నొప్పి వచ్చినప్పుడు చెప్పండి."

నీవెస్ తిరిగింది. కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది. మోకాళ్లు ముందుకి వంచింది. మడమ కదల్లేదు. పక్కలు నలగలేదు. వేళ్లు కదిలిస్తే కదులుతున్నాయి. నొప్పి ఎప్పుడొస్తుందా అని కాచుకుని నడుస్తూనే ఉంది. బూటంటే నొప్పి ఉండాలి కదా, ఇంకా రాదేం? ఇవానా తలెత్తి చూసేసరికి ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఎక్కడ నొక్కుతోంది?"

"ఎక్కడా లేదు," అంది నీవెస్. "అందుకే."

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఒత్తావియో పొయ్యి దగ్గరే ఉన్నాడు. "పన్ను పీకించుకున్నావా?"

"ఊఁ."

"మాట స్పష్టంగానే వస్తోందే?"

నీవెస్‌కి ఇక అబద్ధాలు చెప్పే ఓపిక లేదు. బూటు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన రెండు చేతులతో తడిమాడు. క్లిప్పులు, మడమ, ముందుకొచ్చేసరికి రెండు పక్కలా పొంగిన గుబ్బలు.

"ఏంటిది? దీనికి గవదబిళ్లలొచ్చాయా?"

"నా పాదం అలాగే ఉంటుంది. రేపు పొద్దున నేను ముందు వెళ్తాను, నువ్వు వెనక వస్తావు."

"నువ్వా? నీకు స్కీ అంటే పడదుగా!"

"పడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"మాటలు పెంచకు. వస్తావా, రావా?"

"రాను. ఇద్దరం కాళ్లు విరగ్గొట్టుకుంటే పొయ్యిలో కట్టెలు ఎవరు వేస్తారు? నన్నిలా వదిలెయ్యి నీవెస్. నాకు భయం." ఆ చివరి మాట ఆయన నోట వినడం ఆవిడకి అదే మొదలు. పక్కన కూర్చుని, బూటు మీదున్న ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాకూ భయమే," అంది. "నీకు కనబడదని నీ భయం. నువ్వు ఇలాగే ఇక్కడే కూర్చుండిపోతావని నా భయం. రేపొక్కసారి రా. బాగాలేకపోతే స్కీలు నేనే కోసి పొయ్యిలో పెడతాను."

ఆయన బూటు పక్కన పెట్టి, లేచి గోడ మీది మేకులు తడిమాడు. తర్వాత, "పాక తాళంచెవి ఎక్కడ పెట్టానో కనబడి చావట్లేదు," అన్నాడు.

పొద్దున పెల్మో కొండ శిఖరానికి ఎండ తగిలే వేళకి ఇద్దరూ లిఫ్టులో పైకి వెళ్లారు. నీవెస్ నారింజరంగు కోటు వేసుకుంది, ఆయన కంటి అంచుకి ఆనుతుందని. పైన నిలబడి చూస్తే వాలు ఖాళీ, మంచు పొద్దుటిది, గట్టిగా ఉంది. ముందుగా పడితే తనే పడాలి.

"వెళ్తున్నా. కుడి!" అంది.

"ఆ స్కీ మాస్టారిలా మాట్లాడకు," అన్నాడు వెనకనుంచి. "సరిగ్గా చెప్పు."

నీవెస్ ఊపిరి తీసుకుంది. "తిరుగూ… కుడికీ! గట్టి మంచు, మెల్లగా! ఇప్పుడు ఎడమా! ముందు గతుకుందీ, చూడూ!" ఫుల్డా కొట్లో లాగే సాగదీసి అరిచింది. గోడ లేదు, కిటికీ లేదు, వెనక స్కీలు మంచుని కోస్తున్న చప్పుడొకటే. 'ఎడమ' పూర్తికాకముందే ఆ చప్పుడు ఎడమకి తిరిగింది. మళ్లీ అరిచింది. మళ్లీ తిరిగింది. అయ్యబాబోయ్, వస్తున్నాడు! వస్తున్నాడు!

సగం దిగాక చెట్లు పక్కకి తప్పుకుని వాలు వెడల్పయింది. ఎండ సరిగ్గా అక్కడికే వచ్చింది. నీవెస్ మోకాలు కాస్త వంచింది, బూటు ఆ క్షణమే తిరిగింది. ఇటు వంచింది, ఇటు తిరిగింది. పాదం అనుకోవడమే ఆలస్యం, స్కీ వెళ్లిపోతోంది. మడమ ఉంది, వేళ్లు ఉన్నాయి, నొప్పి లేదు. పెళ్లికి ముందు నాన్న తోలు బూట్లతో దూకిన పిల్ల ఎక్కడికీ పోలేదు. ఆవిడ ఇంకా వంగింది, ఇంకా వేగం పెంచింది, చెవుల్లో గాలి హోరెత్తింది. ఏ అమ్మా లేదు, ఏ కొట్టూ లేదు, ఏ మొగుడూ లేడు.

అడవి మలుపు దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది.

ఎంతసేపట్నుంచి పిలవలేదు? స్కీలు అడ్డంగా తిప్పి ఆగి, వెనక్కి తిరిగింది. "ఒత్తావియో!" అని అరవబోయింది. మంచు చిందించుకుంటూ ఆయన వచ్చి, ఆవిడ భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఆగాడు.

"దేవుడా! మర్చిపోయాను. పిలవడం మర్చిపోయాను ఒత్తావియో! నిన్ను చంపేసేదాన్ని!"

"నవ్వుతున్నావు," అన్నాడు ఆయన రొప్పుతూ.

"నేనా?"

"పిలవడం ఆపిన దగ్గర్నుంచి ఇక్కడిదాకా. పిచ్చిదానిలా, పకపకా. దాని వెనకే వచ్చాను."

తను నవ్విన సంగతి ఆవిడకే తెలీదు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆవిడ ఉన్నవైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వడం లేదు.

"ఇలా జారే మనిషివి ఇన్నేళ్లూ కింద కూర్చున్నావా?"

"బూట్లు కరిచేవి."

"ఎండ ఇష్టమన్నావు."

"అన్నాను."

"నాకు చెప్పొచ్చు కదే."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అలవాటైన పనే. కానీ ఒళ్లంతా తేలికగా ఉంది, అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నువ్వెప్పుడూ ముందు వెళ్లిపోయేవాడివి ఒత్తావియో," అంది మెల్లగా. "ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుంటే చెప్పేదాన్నేమో."

ఒత్తావియో ముఖం ముడుచుకుపోయింది. చెయ్యి చాపి, వెతుక్కుని, ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. అలా పట్టుకునే ముక్కు ఎగబీల్చాడు.

"మళ్లీ పైకి వెళ్దాం," అన్నాడు. "ఈసారి నన్ను చూసుకోకు. నీకెంత వేగం కావాలంటే అంత వేగంగా వెళ్లు. నేను వెనకుంటాను."

నీవెస్ ముందు కదిలింది.